ఒక ప్రసంగము, ఒక గోడ: వేల్సు జాతీయతలో భాషాసాహిత్యముల స్థానము

ఒక దేశమునకు రెండు పేర్లుండుట వింత కాదు. ఆ రెండును పరస్పర విరుద్ధములగుట మాత్రము విచారింపదగినది. బ్రిటను ద్వీపమునకు పడమటి అంచుననున్న దేశమును ఇంగ్లీషువారు 'వేల్సు' అందురు. ప్రాచీన జర్మానిక భాషలలో ఆ పదమునకు పరాయివాడని అర్థము. ఆ దేశీయులు తమ దేశమును 'కమ్రి' అని పిలుచుకొందురు. ఒకే నేలకు చెందిన సహచరులని దాని వ్యుత్పత్తి. తన యింటిలోనే పరాయిదని పేరు పొందిన జాతి యది. పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దులలో ఐరోపావారు తెలుగును 'జెంటూ' అని వ్యవహరించిరి; అదియు అన్యమతస్థుడను అర్థముగల పోర్చుగీసు పదమునుండి పుట్టినదే. కాలక్రమమున ఆ పేరు తెలుగును విడిచిపోయెను. 'వేల్సు' అను పేరు మాత్రము ఆ దేశమును విడువలేదు. ఏలయన ఆ దేశీయులలో అధికసంఖ్యాకులు తమ్ము గూర్చి తాము చెప్పుకొను భాషయే నేడు ఇంగ్లీషు.

భాష చేజారిన పిదప జాతి నిలుచునా? నిలిచినచో, ఆ జాతి సాహిత్యము ఏ భాషలో నున్నట్లు? ఈ ప్రశ్నకు ఇరువదవ శతాబ్దపు వేల్సులో వచ్చిన సమాధానములలో రెండు ప్రత్యేకముగా పరిశీలింపదగినవి. ఒకటి 1962లో రేడియోలో వినవచ్చిన ప్రసంగము. రెండవది, ఇంచుమించు ఆ కాలముననే దారి ప్రక్కనున్న ఒక పాడుగోడపై వెలసిన రెండు మాటలు. మొదటిదాని కర్త అప్పటికే మహారచయిత. రెండవదాని కర్త పేరు రాని యువకుడు. ఈ రెంటిని కలిపి చదివినగాని వేల్సు జాతీయత యొక్క స్వరూపము బోధపడదు.

ఆ ప్రసంగమునకు పూర్వరంగము కొంత చెప్పవలసియున్నది. 1536, 1542 సంవత్సరముల శాసనములు వేల్సును ఇంగ్లండుతో ఏకము చేసి, న్యాయస్థానములలో ఇంగ్లీషునే ప్రతిష్ఠించి, ఆ భాష వాడనివానికి ప్రభుత్వోద్యోగము లేదని విధించెను. రాజ్యము వెళ్లగొట్టిన భాషకు మతము ఆశ్రయమిచ్చెను. 1588లో విలియం మోర్గన్ బైబిలును సమగ్రముగా వెల్షులోనికి తెచ్చెను. పూర్వకవుల పలుకుబడిని పుణికిపుచ్చుకొన్న ఆ గ్రంథము మారుమూల పల్లెకు సైతము ఒకే శిష్టభాషను అందించెను. రాజాస్థానము లేని భాషకు ప్రార్థనామందిరమే ఆస్థానమైనది.

మూడు శతాబ్దుల తరువాత మరియొక దెబ్బ తగిలెను. 1847లో వేల్సు విద్యాస్థితిపై ప్రభుత్వ నివేదిక వెలువడెను. వెల్షు తెలియని ముగ్గురు ఇంగ్లీషు న్యాయవాదులు కూర్చిన ఆ సంపుటములు అచటి ప్రజల అవిద్యకు, నీతిలోపమునకు వారి భాషను, వారి మతశాఖను కారణములుగా చూపెను. 'నీలిపుస్తకముల ద్రోహము' అని ఆ ఘట్టమునకు దేశమున పేరు నిలిచినది. నింద విన్న జాతి పైకి మండిపడెను. లోలోపల మాత్రము కొంత నమ్మెను. బిడ్డకు ఇంగ్లీషు వచ్చిన చాలునను తలిదండ్రులు నానాటికి హెచ్చిరి. వెల్షు పలికిన బాలుని మెడలో చెక్కముక్క వ్రేలాడదీయు బడులు నుండెను. బొగ్గుగనుల కొరకు బయటినుండి లక్షలాది జనులు వచ్చి చేరిరి. 1911 జనాభా లెక్కలలో వెల్షు వచ్చినవారు సుమారు 9,77,000. సంఖ్యలో అంతకు మించిన లెక్క ఎన్నడును లేదు. అయినను జనాభాలో వారి పాలు అప్పటికే 43.5 శాతమునకు దిగెను. 1961 నాటికి అది 26 శాతమైనది.

ఆ 1961 లెక్కలు ఇంకను వెలువడకముందే, 1962 ఫిబ్రవరి 13వ తేదీన, సాండర్స్ లూయిస్ బి.బి.సి. రేడియోలో 'భాషా భవితవ్యము' అను అర్థముగల ప్రసంగము చేసెను. నాటకకర్తగా, విమర్శకుడుగా ఆయనకు వెల్షు సాహిత్యమున సాటి లేదు. 1925లో వేల్సు జాతీయపక్షమును స్థాపించినవారిలో ఆయన ఒకడు. 1936లో పెనిబెర్త్ వద్ద బ్రిటిషు వైమానికదళపు బాంబుశిక్షణ కేంద్రమునకు నిప్పంటించి, తామే వెళ్లి పోలీసులకు చెప్పిన ముగ్గురిలోను ఒకడు. అందుకై కారాగారవాసము చేసి, కళాశాలలో ఉద్యోగము పోగొట్టుకొనెను. అట్టివాడు అరువదెనిమిదవ యేట మైకు ముందు కూర్చుండి ఏమి చెప్పెను?

విమర్శకుడు మొదట గమనింపవలసినది ఆయన చెప్పక విడిచినదానిని. మాతృభాషను గూర్చి మాటలాడు కవి దాని మాధుర్యమును వర్ణించుట లోకరీతి. లూయిస్ ఆ త్రోవ త్రొక్కలేదు. 1536 శాసనమును, 1847 నివేదికను సాక్ష్యములుగా నిలిపి, భాష సహజమరణము పొందుటలేదనియు, పాలనావ్యవహారమునుండి దానిని తొలగించుటయే దాని వ్యాధియనియు నిరూపించెను. ఆయన ఎన్నుకొన్న వీరులు కవులు కారు. లానెల్లి ప్రాంతములో కాపురమున్న ట్రెవర్, ఐలీన్ బీస్లీ అను దంపతులు. భర్త గనికార్మికుడు. స్థానిక పన్ను చీటీ వెల్షులో గూడ ఇచ్చువరకు పన్ను కట్టమని వారు 1952లో పట్టుబట్టిరి. పలుమార్లు న్యాయస్థానమునకు ఈడ్వబడిరి. జప్తుదారులు ఇంటిలోని సామానులు మోసుకొనిపోయిరి. ఎనిమిదేండ్ల తరువాత, 1960లో, రెండు భాషల చీటీ వారి చేతికి వచ్చెను. ఈ ఉదంతమును లూయిస్ ప్రసంగమునకు కేంద్రముగా చేసెను. మహాకావ్యములుగల భాషను రక్షించు ఆయుధము పన్ను చీటీ యనుట పెద్ద సాహసము. ఆ సాహసములోనే ప్రసంగము యొక్క సాహిత్యబలమున్నది. ఉద్వేగమును అణచి, లెక్కపత్రము వలె నడచు వాక్యము తుదకు విప్లవమునకు పిలుపు అగుట ఆ రచనా శిల్పము.

ఆయన తన పక్షమును ఉద్దేశించి పలికెను, విన్నది యువజనులు. ఆ సంవత్సరముననే వెల్షు భాషాసంఘమేర్పడెను. పిమ్మట రహదారి ఫలకములు రెండు భాషలలో వెలసెను. 1967, 1993 శాసనములు భాషకు వరుసగా హక్కులను పెంచెను. 1982లో వెల్షు టెలివిజను ప్రసారకేంద్రము వచ్చెను. 2011 శాసనము వెల్షునకు వేల్సులో అధికారభాషాస్థానమునిచ్చెను. వ్యవహారగతి మారనిచో ఇరువదియొకటవ శతాబ్దపు ఆరంభమున వెల్షు సజీవభాషగా ఉండదని లూయిస్ హెచ్చరించియుండెను. 2001 లెక్కలలో వెల్షు వచ్చినవారు 20.8 శాతము, 1991 నాటి కంటె కొంత పెరుగుదలయే కనబడెను. జోస్యము తప్పినది, తప్పించినది ఆ జోస్యమే యని చెప్పవచ్చును. ఒక రచన ఇంతటి కార్యమును సాధించుట అరుదు.

అయినను ఆ ప్రసంగమునకు ఒక పరిమితి కలదు. దానిని దాచుట విమర్శ కాదు. వెల్షు గణనీయముగా పలుకబడు ప్రాంతములకే ఆయన తన కార్యక్రమమును ఉద్దేశించెను. తక్కిన దేశము, అనగా నాటికే నలుగురిలో ముగ్గురు, శ్రోతలు గారు. వారికి ఆ జాతిలో స్థానమేమి? ఈ ప్రశ్నకు లూయిస్ సాహిత్యవిమర్శకుడుగా చాలకాలము క్రిందటనే సమాధానమిచ్చియుండెను. 1939లో ప్రకటితమైన ఒక ఉపన్యాసమున, వేల్సులో ఇంగ్లీషున వ్రాయువారిదంతయు ఇంగ్లీషు సాహిత్యమే గాని, 'ఆంగ్లో-వెల్షు' అని చెప్పదగిన ప్రత్యేక సాహిత్యము లేదని తేల్చెను. డిలన్ థామసును ఇంగ్లీషువారి లెక్కలోనే చేర్చెను.

ఈ తీర్పు సరియైనదా? డిలన్ థామస్ తలిదండ్రులిరువురును వెల్షు ఎరిగినవారు. కుమారునకు వెల్షు పురాణకథలనుండి పేరు తెచ్చి పెట్టిరి. భాషను మాత్రము ఇవ్వలేదు. ఇంగ్లీషు ఉచ్చారణ దిద్దుకొనుటకు పాఠములు చెప్పించిరి. పేరు వెల్షు, నోరు ఇంగ్లీషు. ఈ చీలిక ఆయన ఒక్కని కథ కాదు. ఒక తరము కథ. రిమ్నీ లోయకు చెందిన ఇడ్రిస్ డేవిస్ వెల్షు పలుకు ఇంట పుట్టి, బొగ్గుగనిలో పనిచేసి, 1926 సమ్మెను ఇంగ్లీషున కావ్యము చేసెను. రేమండ్ విలియమ్సు 1960లో వెలువడిన తన నవలలో, సరిహద్దు పల్లెలోని రైల్వే సిగ్నలుకార్మికుని యింటిని ఇంగ్లీషుననే చిత్రించెను. మరియొక వంక కేట్ రాబర్ట్స్ ఉత్తరపు పలకరాతి గనుల బీదకాపురములను 1936 నాటి నవలలో వెల్షున చిత్రించెను. బొగ్గుగని ఇంగ్లీషున, రాతిగని వెల్షున మాటలాడినవి. రెండింటిలోను అప్పు ఒకటే, దుమ్ము ఒకటే, ప్రార్థనామందిరపు పాట ఒకటే. భాషాభేదమును మాత్రమే కొలతగా గొన్న విమర్శ ఈ సామ్యమును చూడజాలదు. లూయిస్ దృష్టికి అందనిది ఇదియే.

దానికి రాజకీయఫలము గూడ కలిగెను. 1979లో స్వపరిపాలనపై జనాభిప్రాయము కోరగా, ఓటర్లలో అయిదింట నాలుగుపాళ్లు కాదనిరి. ఇంగ్లీషు మాటలాడువారు వెల్షువారి పెత్తనము వచ్చునని జంకిరి. వెల్షు మాటలాడువారు పారిశ్రామిక దక్షిణపు పెత్తనము వచ్చునని జంకిరి. తన సాహిత్యమును రెండు అరలలో పెట్టి తాళము వేసికొన్న జాతి తన్ను తానే నమ్మలేకపోయెను.

ఈ రెండు అరల నడుమ నలిగినవాడు ఆర్. ఎస్. థామస్. కార్డిఫ్‌లో పుట్టి, ఇంగ్లీషు మాటలతో పెరిగి, మతాచార్యుడై పల్లెలకు వెళ్లి, యౌవనము గడచుచుండగా వెల్షు నేర్చెను. ఆయన వచనము వెల్షున వ్రాయగలిగెను; కవిత్వము మాత్రము ఇంగ్లీషుననే వచ్చెను. నేర్చిన భాష సంభాషణకు లొంగును గాని కవితకు లొంగదని ఆయన అనుభవము. 1985లో వెల్షున తన ఆత్మకథ వ్రాసి, దానికి 'ఎవడును కానివాడు' అను అర్థముగల పేరు పెట్టి, తన్ను 'అతడు' అని ప్రథమపురుషలో చెప్పుకొనెను. ఇది కేవలము శిల్పచమత్కృతి యనుకొనరాదు. తన సొంత భాషలో 'నేను' అనుటకు జంకిన మనుష్యుని వేదన యది. లూయిస్ సిద్ధాంతమును హృదయపూర్వకముగా నమ్మినవాడే దాని వెలుపల నిలువవలసివచ్చిన దుఃఖము ఆ ప్రథమపురుషలో వినబడును.

ఇక గోడ. ఉత్తర వేల్సులో త్రవెరిన్ అను లోయ కలదు. అందులో కపెల్ కెలిన్ అనునది వెల్షు మాత్రమే వినబడు పల్లె. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమునకు నీటికొరకు ఆ లోయను ముంచుటకు 1957లో పార్లమెంటు అనుమతించెను. వేల్సు సభ్యులలో అత్యధికులు వ్యతిరేకించినను లాభము లేకపోయెను. 1965లో బడి, గుడి, శ్మశానముతో పల్లె నీటి క్రిందికి పోయెను. లివర్‌పూల్ నగరపాలకులు క్షమాపణ చెప్పినది 2005లో. ఆ దినములలో అబెరిస్ట్విత్ పట్టణమునకు దక్షిణమున, రహదారి ప్రక్క శిథిలగృహపు గోడపై, 'కోవ్యుఖ్ త్రవెరిన్' అను రెండు మాటలు వెలసెను. త్రవెరినును మరువకుడని భావము. వ్రాసినవాడు మైక్ స్టీవెన్స్. దక్షిణపు పారిశ్రామిక ప్రాంతమున, ఇంగ్లీషు మాటలాడు ఇంట 1938లో పుట్టినవాడు, వెల్షు నేర్చుకొన్నవాడు.

ఆ రెండు మాటలలో ఒక వ్యాకరణదోషము కలదు. వెల్షులో కొన్ని సందర్భములందు పదాది పరుషము సరళమగును, తకారము దకారమగును. తెలుగువారికి గసడదవాదేశము తెలియును గనుక ఈ విషయము వింతగా తోపదు. భేదమేమన, తెలుగున అది నేడు పద్యమునకు, వ్యాకరణమునకు పరిమితమైయున్నది. వెల్షులో పసిబిడ్డ నోటగూడ పలుకును. 'మరువకుడు' అను క్రియ తరువాత 'త్రవెరిన్' వచ్చినపుడు 'ద్రవెరిన్' కావలెను. గోడపై అట్లు కాలేదు. పుట్టుకతో వెల్షు వచ్చినవాడు చేయని తప్పు అది. అనగా జాతి దుఃఖమును గోడకెక్కించిన వాక్యము, ఆ జాతిభాష ఉగ్గుపాలతో రానివాని చేతినుండి వచ్చినది.

లూయిస్ కొలతతో చూచినచో ఆ యువకుడు జాతికి వెలుపలివాడు. కాని వెలుపలివాడు పల్లె మునిగినదని దుఃఖపడి, నేర్చిన భాషలో, తప్పుతోనైనను, దానిని చాటడు. తరువాతివారు గోడకు మరల రంగు వేసినపుడు ఆ అక్షరమును దిద్దిరి. 2019లో దుండగులు గోడను పడగొట్టగా, జనులు దానిని తిరిగి కట్టుటయే గాక, దేశమంతట వందల గోడలపై ఆ మాటలను వ్రాసిరి. వ్రాసినవారిలో వెల్షు ధారాళముగా వచ్చినవారును, ఆ రెండు మాటలు తప్ప తక్కినది రానివారును కలరు. స్టీవెన్సు ఆపిమ్మట 1965లో ఇంగ్లీషు కవిత్వమునకు పత్రిక స్థాపించెను. వేల్సు కళాసమితిలో సాహిత్యవిభాగమును నడపెను. 1986లో వేల్సు సాహిత్యకోశమునకు సంపాదకత్వము వహించెను. ఉభయ భాషలలో వెలువడిన ఆ గ్రంథమున వెల్షు రచయితలును, ఇంగ్లీషు రచయితలును అక్షరక్రమమున ఒకరి ప్రక్క ఒకరు కూర్చుండిరి. 1939 నాటి తీర్పునకు అంతకంటె సమర్థమైన ప్రత్యుత్తరము లేదు.

అట్లని భాష విషయమున జాతి ఉదాసీనము కావచ్చునని తాత్పర్యము కాదు. ఇచ్చటనే రెండవ ప్రమాదము పొంచియున్నది. 'అందరును వెల్షువారే, ఏ భాషయైన నేమి' అను ఔదార్యము వినుటకు ఇంపుగా నుండును, బలహీనమైన భాషకు మాత్రము అది విషము. రెండు భాషలను సమానముగా విడిచిపెట్టినచో బలముగలదే మిగులును. ఈ సత్యమును జాతీయ ఐస్టెథ్‌వోడ్ అను సాహిత్యోత్సవము గ్రహించెను. 1861లో అబెర్డేరులో ప్రారంభమైన ఆ ఉత్సవము 1950 నుండి వెల్షు తప్ప వేరు భాషను వేదికపై అనుమతింపదు. అందు 'కంహనెథ్' అను నియమముతో దీర్ఘకావ్యము రచించినవానికి పీఠమిత్తురు. ప్రతి పాదమున హల్లులు నిర్ణీతక్రమమున మరల ధ్వనింపవలెనను ఆ కట్టుబాటు యతిప్రాసలతో పెరిగిన తెలుగుచెవికి దూరపు బంధువు వలె తోచును. 1917లో పీఠము గెలిచిన హెడ్ విన్ అను గొర్రెలకాపరి కవి అప్పటికే యుద్ధభూమిలో మరణించియుండుటచే, పీఠముపై నల్లని వస్త్రము కప్పిరి. ఇట్టి గౌరవము కవికి లభించు చోటు లోకమున అరుదు. ఆ ఆవరణమును ఇంగ్లీషునకు గూడ తెరచినచో ఉదారత కలుగును, ఉత్సవము పోవును. ద్వారము తెరువవలసినది భాషను నేర్చువానికి. భాషను వెళ్లగొట్టుటకు కాదు.

ఆ ఉత్సవపు కవిపీఠాచారములే మరియొక పాఠము చెప్పును. వానిని 1792లో లండనులో ప్రవేశపెట్టిన ఇయోలో మోర్గన్వగ్ అనునాతడు అవి ప్రాచీనములని నమ్మించెను. తాను రచించిన పద్యములను పూర్వకవులకు అంటగట్టెను. పండితులు ఆ కూటసృష్టిని బయటపెట్టిరి. అయినను ఆచారము నిలిచెను. పుట్టుక కల్పితమైనను, నూరేండ్లకు పైగా కవులు అందు నిజముగా గెలిచిరి, ఓడిరి, మరణించిరి. జాతియు అట్టిదే. అది తాతలు దాచియిచ్చిన పెట్టె కాదు. ప్రతి తరమును మరల నిర్మించుకొనవలసిన ఇల్లు.

1997లో మరల జనాభిప్రాయము కోరగా 50.3 శాతము స్వపరిపాలనకు సమ్మతించిరి. 1999లో శాసనసభ వచ్చెను. భాషకు అధికారస్థానము రాకమునుపు స్వపరిపాలన వచ్చినచో భాషకు కీడగునని లూయిస్ శంకించెను. 2011 శాసనము ఆ సభ చేసినదే గనుక ఆ శంక పూర్తిగా నిజము కాలేదు. కాని నిశ్చింతకు తావు లేదు. 2021 లెక్కలలో వెల్షు వచ్చినవారు 17.8 శాతము, సుమారు 5,38,000 మంది మాత్రమే. 2050 నాటికి పది లక్షలు కావలెనని ప్రభుత్వము సంకల్పించినది. 1939లో అబెరిస్ట్విత్‌లో ఏడుగురు పిల్లలతో మొదలైన వెల్షు మాధ్యమపు బడి నేడు ఇంగ్లీషు లోయలలో గూడ నిలిచియున్నది. బడి భాషను నేర్పగలదు, ఇంటిలో పలికింపలేదు. 1962లో పుట్టిన భాషాసంఘమునకు 2023లో అధ్యక్షుడైనవాడు ఐవరీ కోస్టునుండి శరణార్థిగా వచ్చి వెల్షు నేర్చినవాడు. వంశమును బట్టి గాక, నేర్చుకొనుటను బట్టి జాతిలో చేరుట అచట కార్యరూపము దాల్చినది.

రాష్ట్రములు దాటి, సముద్రములు దాటి నివసించు తెలుగు రచయితకు ఈ చరిత్ర పరాయిది కాదు. తెలుగు మాటలాడి చదువలేని బిడ్డలు, అర్థము గ్రహించి బదులు పలుకలేని బిడ్డలు నేడు ఎన్ని యిండ్లలో లేరు? వారు తప్పుతో వ్రాసిన మొదటి తెలుగు వాక్యమును చూచి నవ్వుట సులభము. వెల్షువారు తమ గోడపైనున్న తప్పును చూచి నవ్వలేదు. ఆ వాక్యమును చెరిపివేయలేదు. రంగు తెచ్చి, ఒక అక్షరమును దిద్ది, వాక్యమును నిలిపిరి. ప్రసంగము లేనిచో ఆ అక్షరము దిద్దవలసినదని తెలిసియుండదు. గోడ లేనిచో దిద్దుటకు వాక్యమే యుండదు.